మరణాల కౌంటర్లో చిరునవ్వు

మా ఊరి పురపాలక సంఘం ఆఫీసులో జనన మరణాల విభాగం ఒకటుంది. అందులో మరణాలు నావి. నా పేరు పొట్నూరు సుందరం. పేరుకి తగిన ముఖం భగవంతుడు ఇవ్వలేదు. ఇచ్చిన ముఖంలోంచి పైవరస ముందు పళ్లు మూడు ఆఫీసు పుచ్చుకుంది. ఒక వర్షాకాలం పొద్దున వరండాలో ‘నేల తడిగా ఉన్నది, జాగ్రత్త’ అని పచ్చరంగు బోర్డు నిలబెట్టారు. నేల ఎప్పుడో ఆరిపోయింది. బోర్డు తియ్యమని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు కాబట్టి అది అక్కడే ఉంది. నేను ఫైలు చదువుకుంటూ వచ్చి బోర్డు కాలికి తగిలి బోర్లా పడ్డాను.

పళ్లు కట్టించుకోమని మా ఆవిడ కుసుమ పోరుపెట్టింది. నాకు పళ్ల డాక్టరు కుర్చీ అంటే ప్రాణాంతకమైన భయం. ఆ సంగతి పెళ్లాం దగ్గర ఒప్పుకోలేక, “ఈ వయసులో అలంకారాలెందుకే!” అని వైరాగ్యం నటించాను. బయట నోరు మూసుకుని తిరగడం మొదలుపెట్టాను.

దాంతో అనుకోకుండా నాకు గౌరవం పెరిగిపోయింది. పెదవులు బిగించి, తల కాస్త వంచి, ఒకటి రెండు మాటలతో సరిపెట్టే గుమస్తా మరణాల కౌంటర్లో కూర్చుంటే చూసేవాళ్లకి ఏమనిపిస్తుంది? తమ దుఃఖాన్ని ఇతనూ మోస్తున్నాడనిపిస్తుంది. “ఆ సుందరంగారిది ఎంత జాలిగుండో!” అని ఊళ్లో అనుకునేవారు. నిజానికి అలాంటప్పుడు నేను మధ్యాహ్నం క్యారేజీలో ఏం కూర ఉందోనని ఆలోచిస్తూ ఉండేవాణ్ణి. అయినా వచ్చిన మంచిపేరు వద్దనడం మర్యాద కాదని ఊరుకున్నాను.

అలా గంభీరంగా రోజులు గడుస్తుండగా కొత్త కమిషనర్ ప్రణవ్ దివాకర్‌గారు వచ్చారు. యువకులు. చురుకైనవారు. అంతకు కొద్దిరోజుల ముందే ఏదో పెద్ద హోటల్లో జరిగిన శిక్షణకి వెళ్లొచ్చారు. అక్కడ గదిలో నీళ్లు రాకపోయినా, కింద కూర్చున్న అమ్మాయి నవ్వుతూ మాట్లాడేసరికి ఆయనకి కోపం పోయిందట. ఆ క్షణంలోనే ఆయనకి పురపాలన రహస్యం బోధపడింది.

వచ్చిన వారంలోనే మమ్మల్నందర్నీ హాల్లో కూర్చోబెట్టి ప్రసంగించారు.

“పౌరుడు సమస్యతో వస్తాడు. సమస్యను పరిష్కరించడం అనేది వనరులతో ముడిపడిన అంశం. చిరునవ్వుకు వనరులు అక్కర్లేదు. కావున చిరునవ్వును తక్షణం అందించదగిన ఏకైక పౌరసేవగా గుర్తించడమైనది. ఈ రోజు నుంచి ‘సస్మిత పురసేవా పథకం’ అమల్లోకి వస్తుంది.”

మేం చప్పట్లు కొట్టాం. మర్నాడు గుమ్మం దగ్గర ఒక కెమెరా వెలిసింది. దాని ముందు నిలబడి నవ్వితేనే హాజరు పడుతుంది. పళ్లు కనిపిస్తేనే అది నవ్వు కింద లెక్క. లోపల్నుంచి ఒక ఆడగొంతు, “దయచేసి చిరునవ్వు నవ్వండి” అంటుంది. మా మేనేజర్ కృపానందంగారు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. మెత్తగా మాట్లాడతారు, ముత్యాల్లాంటి పలువరస. ఆయన నవ్వగానే యంత్రం “ధన్యవాదాలు” అంది. నేను నిలబడి, ఏళ్ల తరబడి తెరవని నోరు తెరిచాను. యంత్రం కాసేపు ఆలోచించి, “నవ్వు గుర్తింపబడలేదు” అంది. మళ్లీ నవ్వాను. మళ్లీ అదే మాట. వెనక లైన్లో ఉన్న పారిశుద్ధ్య విభాగం వాళ్లు నన్ను చూసి పడీపడీ నవ్వారు. వాళ్లందరికీ వెంటనే హాజరు పడింది.

వారం రోజులు ఆఫీసులో పనిచేస్తూనే గైర్హాజరయ్యాను. చివరికి కమిషనర్‌గారి గదిలోకి వెళ్లాను.

“సార్, నేను రోజూ వస్తూనే ఉన్నానండి.”

“భౌతికంగా వస్తున్నారు. సేవాపరంగా రావడం లేదు.”

“నాకు ముందు పళ్లు లేవండి.”

“అది నాకు కనిపిస్తోంది సుందరంగారూ. సిస్టమ్‌కి కనిపించాలి కదా!”

“పళ్లు లేనివాళ్లకి మినహాయింపు ఏమైనా…”

ఆయన మార్గదర్శకాలు తిరగేశారు. “ఇందులో ‘దంతములు గల సిబ్బంది’ అని లేదు. ‘సమస్త సిబ్బంది’ అని ఉంది. అంటే మిమ్మల్ని మినహాయించి అవమానించలేదన్నమాట. దీన్ని పథకం మీ పట్ల చూపిన ఆదరణగా భావించండి. తగిన దంతాలు సమకూర్చుకుని విధులకు హాజరు కండి.”

ఆ విధంగా, నా పెళ్లాం వల్ల కానిది ప్రభుత్వం వల్ల అయింది. నేను పళ్ల డాక్టరు కుర్చీ ఎక్కాను.

డాక్టర్ హిమబిందుగారు చిన్నపిల్ల. ఆమె నా నోట్లోకి చూసి రెండు మార్గాలు చెప్పింది. ఒకటి, పక్కనున్న మంచి పళ్లని అరగదీసి, వాటి ఆధారంతో ఖాళీమీద బ్రిడ్జి కట్టడం. “కానీ మీ పక్కపళ్లు అంత గట్టివి కావు అంకుల్. బరువు మొయ్యలేవు” అంది. రెండోది ఇంప్లాంట్లు. దవడ ఎముకలో రెండుచోట్ల స్క్రూలు దించి, వాటిమీద మూడు పళ్ల బ్రిడ్జి బిగించడం.

“స్క్రూలు దించగానే పళ్లు పెట్టేస్తారా అమ్మా?”

“లేదంకుల్. ఎముక ఆ స్క్రూని తనదే అనుకుని పట్టుకోవాలి. దానికి కొన్ని నెలలు పడుతుంది.”

“మా ఆఫీసు అంతవరకు ఆగదమ్మా.”

“అందాకా తీసి పెట్టుకునే పళ్లసెట్టు ఒకటి ఇస్తాను. అది ఉత్తుత్తిదే. దాంతో గట్టివి కొరక్కండి. వదులైతే మాత్రం వెంటనే రండి.”

సూది చూడగానే నేను కళ్లు మూసుకుని ఇష్టదైవాలందర్నీ పిలిచాను. ‘అయిపోయింది, లేవండి’ అని ఆ అమ్మాయి చెప్పేసరికి కుర్చీ చేతిని పట్టుకున్న నా వేళ్లని కుసుమ ఒక్కొక్కటే విప్పాల్సివచ్చింది.

ఆ ఉత్తుత్తి పళ్లు నా సొంత పళ్లకంటే తెల్లగా ఉన్నాయి. మర్నాడు కెమెరా ముందు నోరు తెరిచేసరికి యంత్రం మురిసిపోయి, “అత్యుత్తమ చిరునవ్వు” అంది. ఆ మాట అంతకుముందు ఎవరితోనూ అనలేదు. నెల తిరిగేసరికి నేను ‘సస్మిత ఉద్యోగి’నయ్యాను. బస్టాండులో నా నిలువెత్తు ఫొటో పెట్టారు. కింద ‘మీ సేవలో, నవ్వుతూ’ అని రాశారు. ఆ బోర్డులో నా చేతిలో మరణ ధ్రువపత్రం ఉండటం ఎవరూ గమనించలేదు.

నాకు మాత్రం తల తిరిగింది. పనేమీ లేకపోయినా బస్టాండు మీదుగా ఇంటికెళ్లేవాణ్ణి. కూరగాయల వాణ్ణీ, పాలవాణ్ణీ, ట్రాఫిక్ పోలీసునీ పళ్లు చూపించి పలకరించేవాణ్ణి. వీధి చివర ఒక పెద్దాయన పోతే పరామర్శకి వెళ్లి, ఆయన కొడుకు ముందు నిలబడి అలవాటుకొద్దీ నవ్వాను. కుసుమ నా తొడ గిల్లింది. బయటికొచ్చాక, “మీకు పళ్లొచ్చాయి గాని, బుద్ధి ఊడిపోయింది” అంది. కుళ్లు అనుకున్నాను.

ఇంతలో పథకం రెండో దశకు చేరుకుంది. సిబ్బంది నవ్వడం ఒక్కటే చాలదనీ, పౌరుడి సంతృప్తిని కూడా కొలవాలనీ కమిషనర్‌గారు నిర్ణయించారు. ప్రతి కౌంటర్లోనూ బయటివైపు ఒక కెమెరా బిగించారు. పత్రం తీసుకునే మనిషి కెమెరాలోకి నవ్వితేనే ప్రింటరు కదులుతుంది. జననాల కౌంటర్లో ఏ ఇబ్బందీ లేదు. పిల్లల్ని ఎత్తుకొచ్చిన నాన్నలు అడక్కుండానే నవ్వారు. నా కౌంటర్ ముందు మాత్రం లైను కదలడం మానేసింది.

మూడో రోజునో నాలుగో రోజునో పైడమ్మ వచ్చింది. మునిసిపల్ మార్కెట్లో పూలకొట్టు ఆమెది. కొట్టు ఆమె భర్త పేరు మీద ఉంది. ఆయన గుండెపోటుతో పోయాడు. మరణ ధ్రువపత్రం చూపించి కొట్టు తన పేరుకి మార్పించుకోకపోతే, నెలాఖరున దాన్ని వేలం వేస్తామని మా ఆఫీసే నోటీసిచ్చింది. ధ్రువపత్రం ఇవ్వనిది కూడా మా ఆఫీసే.

యంత్రం, “దయచేసి చిరునవ్వు నవ్వండి” అంది.

పైడమ్మకి ముందు అర్థం కాలేదు. నేను వివరించాను. ఆమె నన్నూ, కెమెరానీ మార్చి మార్చి చూసి, పెదవులు సాగదీసింది. “నవ్వు గుర్తింపబడలేదు” అంది యంత్రం. ఇంకోసారి సాగదీసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మర్నాడు వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. చివరికి కౌంటర్ మీద చరిచింది.

“ఏటి బాబూ ఇది? మా ఇంటాయన పోనాడని రాసిచ్చే కాయితానికి నాను పళ్లికిలించాలా?”

“నా చేతుల్లో ఏమీ లేదమ్మా. పథకం అలా ఉంది” అన్నాను. అంటూ అలవాటుకొద్దీ నవ్వాను.

ఆమె నా పళ్లకేసి చూసింది. గొంతు తగ్గించి అంది. “మా అత్త పోయినప్పుడు కూడా ఈ కిటికీ కాడికే ఒచ్చాను. అప్పుడు నువ్వు నోరిప్పలేదు. కాయితం సేతిలో ఎట్టి తలొంచుకున్నావు. ఇంటికెల్లి మా ఆయనతో సెప్పాను, ఆ ఆపీసులో ఒక్క మనిసున్నాడని. ఈ పళ్లు ఒచ్చినాక ఏటైపోనావు బాబూ?”

నాకు ఎక్కడ తలపెట్టుకోవాలో తెలియలేదు. అప్పట్లో నా తలలో ఏ కూర ఉండేదో ఈమెకి తెలియదు. తెలియకుండానే నన్ను మనిషి కింద జమకట్టి, ఇంట్లో చెప్పుకుంది. గట్టిగా, మనస్ఫూర్తిగా, “తప్పైపోయిందమ్మా!” అనబోయాను.

‘త’ అనడానికి నాలుక పళ్లకి తగలాలి. సెట్టు కొన్నాళ్లుగా వదులుగానే ఉంది. బస్టాండు చుట్టూ తిరగడంలో తీరిక లేక డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. నాలుక తగలగానే పళ్లు మూడూ తమ గులాబీరంగు చిగురుతో సహా నోట్లోంచి ఎగిరి, కౌంటర్ అంచుకి కొట్టుకుని, స్టాంపు ప్యాడ్‌లో బోర్లా పడ్డాయి. నేను కంగారులో వాటిని లాక్కుని, తుడవాలని కూడా తోచక, మళ్లీ నోట్లో పెట్టేసుకున్నాను.

పైడమ్మ నా ముఖం చూసింది. ఊదారంగు పళ్లతో నేను ఆమెకేసి చూస్తున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డంపెట్టుకుంది. భుజాలు కదిలాయి. తర్వాత ఆపుకోలేక ఒక్కసారిగా పగలబడి నవ్వింది. ఏడుస్తూ నవ్వింది. “ధన్యవాదాలు” అంది యంత్రం. ప్రింటరు కదిలింది.

కాగితం అందుకుని కళ్లు తుడుచుకుంటూ అంది. “ఆయనుంటే నిన్ను సూసి కిందపడి పొర్లేవోడు. రేత్రికి ఇంటికెల్లి ఎవరికి సెప్పుకోను బాబూ ఇది?”

ఆ రోజు నుంచి నేను ఒక పద్ధతికి అలవాటుపడ్డాను. వరసలో మనిషి రాగానే అతను చెప్పేది విని, క్షమాపణ చెప్పుకుని, నాలుకతో సెట్టుని బయటికి నెట్టేవాణ్ణి. అవసరమైతే ప్యాడ్‌లో ముంచేవాణ్ణి. చాలామంది నవ్వేవారు. రిటైరైన ఒక తహసీల్దారుగారు మాత్రం నవ్వకుండా, “మీ తలిదండ్రులు ఉన్నారా?” అని అడిగి, నేను పళ్లు లేని నోటితో “లేరండి” అనేసరికి కిసుక్కుమన్నారు. నా గౌరవం మొత్తం పోయింది. లైను మాత్రం కదిలింది. కుసుమకి చెబితే, ఆ రాత్రి నా సెట్టుని తనే కడిగి గిన్నెలో పెట్టింది.

కానీ అందరి ముందూ ఆ పని చెయ్యలేకపోయాను. పసిబిడ్డని పోగొట్టుకున్న ఒక కుర్రజంట వచ్చారు. వాళ్ల ముందు నా నాలుక కదల్లేదు. వాళ్లు కెమెరాకేసి చూసి, వెనక్కి వెళ్లిపోయారు. అది కృపానందంగారు చూశారు. సరాసరి కమిషనర్‌గారి గదికి నడిచారు. నేనూ వెంట వెళ్లాను.

“సార్, మరణాల కౌంటర్లో ఆ కెమెరా తీసేస్తే సరిపోతుంది కదండీ?”

“కెమెరా పథకం పరిధిలోనిది కృపానందంగారూ. దాన్ని నేను తాకలేను. నవ్వు పౌరుడి పరిధిలోనిది. దానికి అతనే ప్రయత్నించాలి.” ఆయన ముఖం వెలుగుతోంది. “అయినా మీ బాధ నాకు అర్థం కావడం లేదు. పౌరుల చిరునవ్వుల్లో మరణాల కౌంటర్ ఆఫీసు మొత్తంలో ప్రథమ స్థానంలో ఉంది. జననాలు కూడా వెనకబడ్డాయి. మన ఉత్తమ విధానాన్ని స్వయంగా పరిశీలించడానికి రాజధాని నుంచి అధ్యయన బృందం వస్తోంది.”

కృపానందంగారు బయటికొచ్చారు. బృందం ఎప్పుడొస్తుందో నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

ఎందుకంటే ఆ సాయంత్రమే హిమబిందుగారు ఫోన్ చేసింది. ఎముక స్క్రూలని పట్టేసుకుందట, బ్రిడ్జి కూడా తయారై వచ్చిందట. వెళ్లాను. ఈసారి కుర్చీ చేతిని ఒక్క చేత్తోనే పట్టుకున్నాను. పళ్లు బిగించాక అద్దం చూపించింది. నాలుకతో నెట్టి చూశాను. కదల్లేదు. “ఇంక ఇవి మీవే అంకుల్” అంది. దారిలో దోరజామకాయ కొనుక్కుని, రోడ్డుమీదే కరకరా కొరుక్కుతిన్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ చప్పుడు విన్నాను.

మర్నాడు ఆఫీసుకి వెళ్లేసరికి గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. అధ్యయన బృందం నా కౌంటర్ వెనక అర్ధచంద్రాకారంలో నిలబడి ఉంది. కమిషనర్‌గారు నా విధానాన్ని వాళ్లకి వర్ణించి చెబుతున్నారు. కౌంటర్ అవతల గురువులు అనే ముసలాయన, అన్నగారి మరణ ధ్రువపత్రం కోసం కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

“ప్రారంభించండి సుందరంగారూ” అన్నారు కమిషనర్‌గారు.

నేను నాలుకతో నెట్టాను. వేలుపెట్టి లాగాను. రెండు చేతులతో గుంజాను. హిమబిందుగారు పనిలో నిజాయితీ గల మనిషి.

“రావడం లేదండి.”

“ఏమిటి రావడం లేదు?”

“పళ్లండి. నిన్న పర్మనెంటుగా బిగించేశారు.”

బృందం అధిపతి కళ్లజోడు సవరించుకున్నారు. “ఇది సాంకేతిక లోపమా? మానవ లోపమా?”

“అనుమతి లేకుండా చేసిన శాశ్వత నిర్మాణం సార్” అన్నారు కమిషనర్‌గారు పళ్లు కొరుకుతూ. “సంజాయిషీ కోరతాను.”

యంత్రం ముసలాయన్ని, “దయచేసి చిరునవ్వు నవ్వండి” అని అడుగుతూనే ఉంది. ఆయన కర్ర మీదికి బరువంతా ఆన్చి, “కూకోడానికేటైనా ఉందా బాబూ?” అన్నాడు.

అప్పుడు కృపానందంగారు తన కుర్చీలోంచి లేచారు. కౌంటర్ దగ్గరికొచ్చి, జేబులోంచి రుమాలు తీసి, ముందు పైవరస, తర్వాత కింది వరస, ముత్యాల్లాంటి పళ్లన్నీ ఊడదీసి అందులో పెట్టారు. ఆయనకి ఒక్క పన్ను కూడా లేదని ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆయన బుగ్గలు లోపలికి పోయాయి. అంతటి మనిషి మాకు కొత్తగా, ముసలిగా కనిపించారు.

“గురువులుగారూ, మా ఆఫీఫుకి పిత్తెక్కింది. ఏవీ అనుకోకంది” అన్నారు.

ముసలాయన నోరు తెరిచి చూసి, కర్ర కౌంటర్‌కి ఆనించి, రెండు చేతులూ తట్టి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. నోట్లో చిగుళ్లు తప్ప ఏమీ లేవు.

“నవ్వు గుర్తింపబడలేదు” అంది యంత్రం.

బృందం అధిపతి వంగి చూశారు. “పౌరుడికి కూడా దంతాలు లేవు. మార్గదర్శకాల్లో దీనికి ఏం చెప్పారు?”

కమిషనర్‌గారు మార్గదర్శకాలు తిరగేస్తుండగా కృపానందంగారు వంగి, కెమెరా ప్లగ్గు పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. ఆడగొంతు సగం మాటలో ఆగిపోయింది. సిస్టమ్ పాత పద్ధతిలోకి వెళ్లిపోయి, ప్రింటరు గుర్రుమని కాగితం బయటికి తోసింది. కృపానందంగారు దాన్ని రెండు చేతులతో ముసలాయనకి అందించారు.

ఆయన ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. బృందం అధిపతి గడియారం చూసుకున్నారు.

“ఆశ్చర్యంగా ఉంది. ఇంత వేగంగా సేవ అందడం నేనెక్కడా చూడలేదు. మీరు చెప్పిన ఉత్తమ విధానం ఇదేనా?”

కమిషనర్‌గారు ఒక్క క్షణం తడబడ్డారు. ఒక్క క్షణమే. “ఔను సార్. దీన్ని మేం మూడో దశగా పిలుస్తున్నాం.”

పక్షం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. ‘పౌరుల సౌకర్యార్థం, అన్ని పురపాలక సంఘములలోని మరణాల కౌంటర్లయందు సస్మిత కెమెరాలు తప్పనిసరిగా కొనుగోలు చేసి, బిగించి, తదుపరి ప్లగ్గు తొలగించవలెను.’ కమిషనర్‌గారికి ప్రశంసాపత్రం వచ్చింది. కృపానందంగారు మాత్రం ఎవరి అభినందనలూ పుచ్చుకోలేదు. కబురుపెట్టి ఆ కుర్రజంటని పిలిపించి, కుర్చీల్లో కూర్చోబెట్టి, వాళ్ల కాగితం తన చేత్తోనే ఇచ్చారు. ఆ పూట ఆయన పళ్లు పెట్టుకోలేదు.

నా సంజాయిషీ విచారణకి వెళ్లింది. నా పళ్లు ఊడిరానందుకు చింతిస్తున్నానని రాసిచ్చాను. అది పరిశీలించాక నాకు కొత్త బాధ్యత అప్పగించారు. కెమెరా పాడైపోతే ఆడిటర్లు ఒప్పుకోరు. అందుకని ప్లగ్గు పీకే ముందు, అది పనిచేస్తోందని రోజూ నిర్ధారించాలి. నిర్ధారించాలంటే దాని ముందు ఎవరో ఒకరు నవ్వాలి. ఆఫీసు మొత్తంలో శాశ్వత ప్రాతిపదికన బిగించిన పళ్లు నావే.

కాబట్టి ఇప్పుడు అందరికంటే ముందు నేను ఆఫీసుకి వస్తున్నాను. ఖాళీ హాల్లో నా కౌంటర్ ముందు, దుఃఖంలో ఉన్నవాళ్లు నిలబడేచోట నిలబడి, ప్లగ్గు పెట్టి నోరు తెరుస్తాను. “అత్యుత్తమ చిరునవ్వు, ధన్యవాదాలు” అంటుంది. ప్లగ్గు పీకి, వైరు చుట్టి పక్కన పెట్టి, వెళ్లి తలుపులు తీస్తాను.